అమ్మ చేతికి ఏ కెమెరా?

మీరు రాసింది నాకు అర్థమైనంతవరకు ఇది. అమ్మగారికి అరవై దాటాయి. మనవరాలినీ, పెరట్లోకి వచ్చే పిట్టలనీ ఫొటోలు తీసుకోవాలని కోరిక. ఫోనుతో తీయబోతే సరిగ్గా అప్పుడే కాల్ వస్తుంది, లేదంటే వేలు ఎక్కడో తగిలి తెర మీద ఇంకేదో తెరుచుకుంటుంది. చేతులు కొంచెం వణుకుతాయి. అందుకని చవకలో, గొడవ లేకుండా వాడుకునే చిన్న డిజిటల్ కెమెరా కావాలి. మీరు మూడు చూసి పెట్టుకున్నారు: పేరు ఎప్పుడూ వినని కంపెనీది 64 మెగాపిక్సెళ్ల కెమెరా, పేరున్న కంపెనీది 40 రెట్ల జూమ్ ఉన్నది, ఎవరో పదేళ్లు వాడి అమ్ముతున్న పాతది. ఏది కొనమంటారని అడిగారు.

నేను ఇరవై రెండేళ్లుగా కెమెరాలు బాగుచేసే పనిలో ఉన్నాను. బల్ల మీదికి వచ్చిన కెమెరాను చూడగానే దాన్ని వాడారో, దాచారో తెలిసిపోతుంది. బటన్ మీది అచ్చు అరిగి, మూలల్లో రంగు పోయి, చేతికి కట్టుకునే తాడు నల్లబడి వచ్చేవి కొన్ని. తెర మీద ప్లాస్టిక్ పొర కూడా ఊడదీయకుండా, బీరువాలోనే బ్యాటరీ చచ్చిపోయి వచ్చేవి కొన్ని. ఈ రెండో రకంలో నేను చూసినంతవరకు ఖరీదైనవే ఎక్కువ. పెద్దవాళ్లకు కానుకగా వచ్చినవే ఎక్కువ. ఇచ్చినవాళ్లు పెట్టె మీది అంకెలు చూసి కొన్నారు, పుచ్చుకున్నవాళ్ల చేతిని చూసి కొనలేదు. కాబట్టి నా జవాబంతా అమ్మగారి చేతి చుట్టూనే ఉంటుంది. ముందు ఆ 64 మెగాపిక్సెళ్ల సంగతి తేల్చేద్దాం, డబ్బు వృథా అయ్యేది అక్కడే. మెగాపిక్సెల్ అంటే బొమ్మలోని పది లక్షల చుక్కలు.

4×6 అంగుళాల ప్రింటు శుభ్రంగా రావడానికి 2 మెగాపిక్సెళ్లకు కాస్త పైన ఉంటే చాలు. ఎ4 కాగితం నిండా వేయించినా 9 సరిపోతాయి. 4కె టీవీ తెర మొత్తంలో ఉండే చుక్కలు 83 లక్షలు, అంటే 8.3 మెగాపిక్సెళ్లు. చిన్న కెమెరాల్లో మామూలుగా ఉండే సెన్సర్, అంటే వెలుగు వచ్చి పడే పలక, 1/2.3 అంగుళాల రకం. కొలిస్తే దాదాపు 6.2 × 4.6 మిల్లీమీటర్లు. చిటికెనవేలి గోరు మీద పడుకోబెట్టవచ్చు. అంత చోట్లో 16 నుంచి 20 మెగాపిక్సెళ్లు పెట్టడమే ఎక్కువ. పేరు లేని కెమెరాల్లో చాలావాటిలో అంతకంటే చిన్న పలక పెట్టి, అది తీసిన బొమ్మను సాఫ్ట్‌వేర్‌తో సాగదీస్తారు. చుక్కకూ చుక్కకూ మధ్య ఇంకో చుక్కను ఊహించి పూరిస్తారు. ఫైలు బరువెక్కుతుంది గానీ బొమ్మలో కొత్తగా ఒక్క వెంట్రుక కూడా కనిపించదు.

ఒకసారి ఒక పెద్దావిడ అలాంటి కెమెరాను రిపేరుకు తెచ్చారు. "అన్నీ మసకగా వస్తున్నాయి బాబూ, నాకే తీయడం రావడం లేదేమో" అన్నారు. విప్పి చూస్తే చెడిపోయింది ఏమీ లేదు. అందులో ఫోకస్ చేసే మోటారే లేదు, లెన్స్ కదలకుండా ఒకేచోట అతికించి ఉంది. తప్పు తనదేననుకుని ఆవిడ కొన్ని నెలలు బాధపడ్డారు. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ కష్టంగా ఉంటుంది. మోసాన్ని పట్టుకోవడం తేలికే. లెన్స్ చుట్టూ ఉన్న రింగు మీద ఏం చెక్కారో చదవండి. నిజంగా లెన్స్ కదిలి జూమ్ చేసే కెమెరా అయితే "4.5-54.0 మి.మీ." లాగా రెండు అంకెలు, మధ్యలో గీత ఉంటాయి. రెండోదాన్ని మొదటిదానితో భాగిస్తే జూమ్ ఎన్ని రెట్లో వస్తుంది, ఇక్కడ 12. ఒకటే అంకె ఉండి పెట్టె మీద మాత్రం "16 రెట్ల జూమ్" అని ఉంటే అది బొమ్మను కత్తిరించి పెద్దది చేయడమే. ఆ పని తీసిన తర్వాత మీరే చేసుకోవచ్చు. మీ మొదటి కెమెరాను ఇక్కడే పక్కన పెట్టేయండి.

ఇంకో నిజం కూడా చెప్పాలి, లేకపోతే కొన్న తర్వాత మీరు నిరాశపడతారు. రాత్రిపూట గదిలో, ఫ్లాష్ లేకుండా తీస్తే మీ చేతిలోని ఓ మోస్తరు కొత్త ఫోనే చవక కెమెరా కంటే బాగా తీస్తుంది. ఫోను ఒకేసారి చాలా ఫొటోలు తీసి కలిపేసుకుంటుంది, చవక కెమెరాలకు మామూలుగా అంత లెక్క చేసే శక్తి ఉండదు. మరి కెమెరా ఎందుకంటే, మీ అమ్మగారి విషయంలో మూడు గట్టి కారణాలు కనిపిస్తున్నాయి. ఒకటి, వేలికి తగిలే నిజమైన బటన్. రెండు, లెన్స్ కదిలి చేసే జూమ్. మూడోది ఫ్లాష్, దీన్ని చాలామంది పట్టించుకోరు. ఫోనులో ఉన్నది ఎల్ఈడీ దీపం, కెమెరాలో ఉన్నది జెనాన్ ఫ్లాష్. జెనాన్ మెరుపు సెకనులో వెయ్యో వంతు కూడా ఉండదు. ఆ కాస్త సేపట్లోనే బోలెడు వెలుగు గుమ్మరిస్తుంది కాబట్టి పరిగెత్తే పాప కూడా చిత్రంలో నిలిచిపోతుంది. కాకపోతే దీని చేయి పొట్టి. చిన్న కెమెరాల్లో మూడు నాలుగు మీటర్లు దాటితే అందదు, జూమ్ చేస్తే ఇంకా తగ్గుతుంది. ఇంట్లో తీసేటప్పుడు జూమ్ చేయకుండా నాలుగడుగులు దగ్గరికి వెళ్లమని అమ్మగారికి చెప్పండి, సగం ఫొటోలు బాగుపడతాయి.

ఇప్పుడు 40 రెట్ల జూమ్. మీరు చెబుతున్నది కెనన్ పవర్‌షాట్ ఎస్ఎక్స్ 740 హెచ్ఎస్ అయ్యుంటుంది. పాత ఫిల్మ్ కెమెరా లెక్కలో దాని లెన్స్ 24 నుంచి 960 మిల్లీమీటర్లు. ఆ 960 దగ్గర కెమెరా చూసేది రెండున్నర డిగ్రీల ముక్క మాత్రమే. చెయ్యి చాచి బొటనవేలు ఎత్తి పట్టుకోండి, ఆ వేలి వెడల్పు దాదాపు రెండు డిగ్రీలు. అంటే ఆకాశంలో బొటనవేలంత కిటికీలోంచి పిట్టను వెతికి పట్టుకోవాలి, అదీ వణికే చేత్తో. పైగా చేతిలో పట్టుకుని తీసేటప్పుడు షట్టర్ (వెలుగును లోపలికి వదిలి ఆపే తలుపు) వేగం లెన్స్ అంకెకు తగ్గకూడదని పాత సూత్రం ఒకటుంది. 960కి సెకనులో వెయ్యో వంతు కావాలన్నమాట. అంత వేగానికి ఎండ కావాలి. లెన్స్ ఏమో జూమ్ చేసేకొద్దీ చీకటవుతుంది. ఇదే కెమెరా లెన్స్ మీద 3.3-6.9 అని ఉంటుంది, ఆ రెండు ఎఫ్ అంకెలు (అంకె పెరిగేకొద్దీ వెలుగు తగ్గుతుంది) చెప్పేది ఏమిటంటే పూర్తిగా జూమ్ చేసినప్పుడు లోపలికి వచ్చే వెలుగు మొదటిదానిలో నాలుగో వంతు కంటే తక్కువ. కొనేటప్పుడు ఎవరూ ఈ అంకెను చూడరు, కొన్న తర్వాత సాయంత్రం ఫొటోలు మసకబారుతున్నాయని నా దగ్గరికి వస్తారు.

అలాగని దాన్ని కొట్టిపారేయను. పెరట్లో ఐదు మీటర్ల దూరంలో గోడ మీద వాలిన గోరింకను 300 మిల్లీమీటర్ల జూమ్‌తో తీస్తే చట్రంలో పట్టే వెడల్పు 60 సెంటీమీటర్లు. పిట్ట అందులో మూడో వంతు ఆక్రమిస్తుంది, చూడముచ్చటగానే ఉంటుంది. అంటే 12 రెట్ల జూమ్ చాలు. కొబ్బరిచెట్టు మీది పిట్ట కావాలంటే మాత్రం చాలదు. ఇక్కడ మీకు వింతగా అనిపించే మాట ఒకటి. వణికే చేతికి మరీ తేలికైన కెమెరా మంచిది కాదు. 12 రెట్ల జూమ్ ఉన్న కెనన్ ఇక్సస్ 285 బరువు 147 గ్రాములు, ఎస్ఎక్స్ 740 బరువు 299 గ్రాములు. బటన్ నొక్కే వేలి ఒత్తిడికి మొదటిది కిందికి ఊగుతుంది, రెండోది అంతగా కదలదు. ముందువైపు వేళ్లు ఆనించుకోవడానికి రబ్బరు ఉబ్బు ఉన్నదైతే ఇంకా మంచిది. కాబట్టి పెద్ద జూమ్ కెమెరాను కొని, జూమ్‌ను సగానికి మించి వాడకపోవడం మీ అమ్మగారి విషయంలో తెలివైన పనే. పానసోనిక్ లుమిక్స్ టీజెడ్ 99 కూడా ఇదే కోవలోది, 30 రెట్లు.

ఏది తీసుకున్నా వణుకును ఆపే ఏర్పాటు లెన్స్‌లో ఉందో లేదో చూడండి. దీన్ని ఒక్కో కంపెనీ ఒక్కో పేరుతో పిలుస్తుంది: ఐఎస్, ఓఐఎస్, వీఆర్, ఆప్టికల్ స్టెడీషాట్. "ఆప్టికల్" అన్న మాటే ముఖ్యం. లోపల ఒక అద్దం చేతి వణుకుకు ఎదురుగా కదులుతుంది. "డిజిటల్ స్టెబిలైజేషన్" అని మాత్రమే రాసి ఉంటే అలాంటి అద్దం ఉండదు. మీ ఇంటికి ఆ తేడా చాలా పెద్దది. ఆప్టికల్ ఏర్పాటు చేతి వణుకునే ఆపుతుంది, పాప పరుగును ఆపదు. పాప పరుగుకు ఎండో, ఫ్లాషో ఉండాలి.

వీలైతే అమ్మగారిని తీసుకుని దుకాణానికే వెళ్లండి. కెమెరా ఆవిడ చేతికిచ్చి మీరు నోరు విప్పకండి. స్విచ్ ఎక్కడుందో ఆవిడే కనుక్కోవాలి. జూమ్ మీట చూపుడువేలికి అందుతోందా, బొటనవేలు ఆనే చోట వీడియో బటన్ ఉండి పొరపాటున నొక్కుకుపోతోందా, తీసిన ఫొటో చూడటానికి త్రికోణం గుర్తున్న బటన్ కళ్లద్దాలు లేకుండా కనిపిస్తోందా, ఇవన్నీ రెండు నిమిషాల్లో తేలిపోతాయి. తీసే పద్ధతిని, అంటే మోడ్‌ను, మార్చే గుండ్రటి చక్రం ఉన్న కెమెరాల్లో అది వదులుగా తిరుగుతుంటే సంచిలోంచి తీసేసరికి ఇంకేదో మోడ్‌లో ఉంటుంది, పెద్దవాళ్లు కంగారుపడేది ఎక్కువగా అందుకే. తెరను గుమ్మం దగ్గర వెలుగులో కూడా చూపించండి. చిన్న కెమెరాల్లో కంటికి ఆనించుకుని చూసే వ్యూఫైండర్ ఇప్పుడు దాదాపు లేదు, ఎండలో తెర కనపడకపోతే గుడ్డిగా తీయాల్సిందే.

కొత్త చవక కెమెరాలు ఎందుకింత తక్కువగా దొరుకుతున్నాయో కూడా చెబుతాను. 2010లో ప్రపంచమంతా కలిపి 12 కోట్లకు పైగా డిజిటల్ కెమెరాలు కంపెనీల గడప దాటాయి. 2020 నాటికి ఆ సంఖ్య కోటికి లోపు పడిపోయింది. ఫోన్లు మింగేశాయి. పెద్ద కంపెనీలు చవక రకాలను చాలామటుకు వదిలేసి పైరకాలకు వెళ్లిపోయాయి. కొత్తవాటిలో తక్కువ ధరకు, నేరుగా వాడుకునేవి వెతికితే కోడక్ పేరుతో వచ్చే పిక్స్‌ప్రో ఎఫ్‌జెడ్ 45, ఎఫ్‌జెడ్ 55 కనిపిస్తాయి, రెండూ 16 మెగాపిక్సెళ్లవే. వాడటానికి చాలా తేలిక. ఎఫ్‌జెడ్ 45 మామూలు ఏఏ సెల్స్ రెండింటితో నడుస్తుంది. చార్జరు పోయిందన్న బెంగ ఉండదు, అయితే పారేసే ఆల్కలైన్ సెల్స్ ఇలాంటివాటిలో త్వరగా చచ్చిపోతాయి, చార్జ్ చేసుకునే నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్స్ వాడాలి. జూమ్ 4, 5 రెట్లే కాబట్టి మనవరాలికి సరిపోతాయి, పిట్టలకు చాలవు. వణుకు సంగతిలో పైన చెప్పిన "ఆప్టికల్" పరీక్షను వీటికీ పెట్టండి.

నాకు మనసులో ఎక్కువ ఇష్టమైనది మీ మూడో దారి, వాడినది కొనడం. 2009 నుంచి 2013 మధ్య వచ్చిన మంచి చిన్న కెమెరాల్లో పెద్ద సెన్సర్, వెలుగు బాగా పట్టే లెన్స్ ఉండేవి. కెనన్ ఎస్ 95, ఎస్ 110 లాంటివాటి లెన్స్ ఎఫ్ 2.0 దగ్గర మొదలవుతుంది, సెన్సర్ మామూలు చిన్న కెమెరాదానికి ఒకటిన్నర రెట్లు. 2012లో వచ్చిన మొదటి సోనీ ఆర్ఎక్స్ 100లో 1 అంగుళం రకం సెన్సర్, 13.2 × 8.8 మిల్లీమీటర్లు, వైశాల్యంలో నాలుగు రెట్లు. అన్నీ కెమెరాయే చూసుకునే ఆటో మోడ్‌లో పెడితే ఇవీ అంతే తేలిక. జూమ్ ఐదు రెట్లకు మించదు, అదొక్కటే లోటు. ఈమధ్య సీసీడీ అనే పాత రకం సెన్సర్ ఉన్న కెమెరాల మీద కుర్రకారుకు మోజు పెరిగింది, రంగులు వేరుగా ఉంటాయని. ఆ రంగుల్లో చాలాభాగం ఆనాటి సాఫ్ట్‌వేర్‌దీ, ఫ్లాష్‌దీ. సీసీడీ అన్న ఒక్క మాటకు ఎక్కువ పెట్టకండి.

పాతది కొనేటప్పుడు నేను ఏం చేస్తానో చెబుతాను, మీరూ అలాగే చేయండి. పదిసార్లు ఆన్ చేసి ఆపుతాను. లెన్స్ బయటికి వస్తూ లోపలికి వెళ్తూ గరగరమంటే ఇసుక చేరిందన్నమాట, ఇవాళ కాకపోతే రేపు మధ్యలో ఇరుక్కుని తెర మీద "లెన్స్ ఎర్రర్" అని చూపిస్తుంది. నా దగ్గరికి వచ్చే చిన్న కెమెరాల్లో ఎక్కువ జబ్బు ఇదే. తర్వాత జూమ్ చివరిదాకా లాగి, తెల్లగోడనో మబ్బులేని ఆకాశాన్నో తీస్తాను. బొమ్మలో ఒకేచోట నల్లమచ్చ కనిపిస్తుంటే సెన్సర్ మీద దుమ్ము పడింది. చిన్న కెమెరాల్లో అది తుడవాలంటే మొత్తం విప్పాలి, కూలి కెమెరా విలువను దాటుతుంది. వార్తాపత్రిక పేజీని గోడకు అంటించి ఎదురుగా నిలబడి తీస్తాను. అక్షరాలు ఒకపక్క స్పష్టంగా, ఇంకోపక్క అలికినట్టు వస్తే అది ఎప్పుడో కింద పడి లెన్స్ ఒరిగింది, వద్దు. టార్చి వేసి లెన్స్ లోపలికి చూస్తే సాలెగూడు లాంటి పోగులు కనిపిస్తే ఫంగస్, అదీ వద్దు. ఫ్లాష్ ఐదారుసార్లు వరసగా వెలగాలి. బ్యాటరీ మూత కొక్కెం విరిగి ఉందేమో చూసుకోండి. బ్యాటరీ ఉబ్బి ఉంటే ఆ బ్యాటరీ వాడొద్దు, అదే రకం కొత్తది దొరుకుతుందో లేదో ముందు కనుక్కుని ఆ తర్వాతే బేరం మొదలుపెట్టండి.

కొన్ని లోపాలకు మాత్రం భయపడక్కర్లేదు. లెన్స్ ముందు రెప్పలు సగమే తెరుచుకోవడం చాలాసార్లు చిన్న మరమ్మతుతో పోతుంది. బ్యాటరీ తీసిన ప్రతిసారీ తేదీ పోతోందంటే లోపలి చిన్న సెల్ అయిపోయిందంతే. వీటిని చూపించి ధర తగ్గించమనండి. ఒక్క జాగ్రత్త: దేనికోసమూ ఇంట్లో స్క్రూలు విప్పొద్దు. ఫ్లాష్ కెపాసిటర్‌లో 300 వోల్టుల దాకా నిలవ ఉంటుంది, బ్యాటరీ తీసేసినా కొట్టగలదు.

మెమరీ కార్డు గురించి రెండు ముక్కలు. బాగా పాత కెమెరాలు 2 జీబీ దాటిన కార్డును చదవవు, ఆ తర్వాతివి 32 జీబీ దాకా చదువుతాయి, ఇంకా తర్వాతివి అంతకంటే పెద్దవి కూడా. పాత ఒలింపస్, ఫుజీల్లో కొన్ని ఎక్స్‌డీ కార్డులు, పాత సోనీల్లో మెమరీ స్టిక్ వాడతాయి. అవి ఇప్పుడు దొరకడం కష్టం, అలాంటి కెమెరాను వదిలేయండి. పేరున్న కంపెనీ 32 జీబీ కార్డు ఒకటి కొంటే అమ్మగారికి వేల ఫొటోలు పడతాయి.

కాబట్టి మీకు నా మాట ఇది. పిట్టలు నిజంగా ముఖ్యమైతే, డబ్బు అందితే, ఆ 40 రెట్లదో 30 రెట్లదో తీసుకోండి. మనవరాలే ముఖ్యమైతే వాడిన ఎస్ 110 లాంటిది పరీక్షించి తీసుకోండి. పాతదాని కోసం తిరిగే ఓపిక మీకు లేకపోతే ఇక్సస్ 285 రకం.

ఇక ఇచ్చే ముందు మీరు చేయాల్సిన పని. తేదీ, సమయం పెట్టండి. బొమ్మను కత్తిరించి పెద్దది చేసే డిజిటల్ జూమ్ ఆపేయండి, లేదంటే లెన్స్ జూమ్ అయిపోయాక తెలియకుండానే బొమ్మ పాడవుతుంది. మోడ్ ఆటోలో ఉంచండి. తాడు కట్టి, మణికట్టుకు వేసుకోకుండా స్విచ్ నొక్కొద్దని చెప్పండి. లెన్స్ బయటికి వచ్చి ఉన్నప్పుడు నేల మీద పడితే చాలామటుకు అదే దాని ఆఖరు. మోచేతులు రెండూ పక్కటెముకలకు ఆనించి, ఎడమచెయ్యి కెమెరా అడుగున పెట్టి పట్టుకోవడం ఒక పూట దగ్గరుండి చూపించండి. పిట్టలకైతే కుర్చీలో కూర్చుని మోచేతులు బల్ల మీద ఆనించాలి.

అన్నింటికంటే ముఖ్యమైనది బటన్‌ను రెండు మెట్లుగా నొక్కడం. ఫోను అలవాటున్నవాళ్లందరూ దాన్ని ఒక్కసారిగా పొడుస్తారు. కెమెరా ఫోకస్ వెతుక్కునేలోపే చెయ్యి కదిలిపోతుంది. సగం నొక్కి ఆగాలి, తెర మీద ఆకుపచ్చ చట్రం వస్తుంది, అప్పుడు మిగతా సగం మెల్లగా నొక్కాలి. ఇలా చేస్తే పాప నవ్వేదాకా సగం నొక్కి ఉంచుకుని, నవ్వగానే తీయొచ్చు, ఆలస్యమే ఉండదు. వణుకు కూడా సగం తగ్గుతుంది, కుదుపు వచ్చేది ఆ పొడవడంలోనే. ఖాళీ కార్డుతో వంద ఫొటోలు ఇలా తీయించండి, ఏం తీశారన్నది చూడొద్దు. కెమెరా శబ్దాలన్నీ చిరాకని చాలామంది మొత్తం ఆపేస్తారు. మీరు మాత్రం ఫోకస్ కుదిరినప్పుడు వచ్చే బీప్‌ను ఉంచండి. ఎండలో ఆకుపచ్చ చట్రం కనపడకపోయినా ఆ చప్పుడు అమ్మగారికి వినపడుతుంది.